లిబర్టీ, ఫ్రీడమ్: రెండు మాటల చరిత్రము

ఇంగ్లీషు గ్రంథములను తెనిగించువారికి లిబర్టీ, ఫ్రీడమ్ అను రెండు మాటలును ఒక్క వాక్యమునందే ఎదురైనపుడు కలము నిలిచిపోవును. మొదటిదానికి స్వాతంత్ర్యమని వ్రాసినచో రెండవదానికి ఏమి మిగులును? స్వేచ్ఛ మిగులును. మఱియొక పుటలో రెండవది ముందుగా వచ్చినపుడు దానికి స్వాతంత్ర్యమనియు, మొదటిదానికి స్వేచ్ఛ యనియు వ్రాసి, ఆ పూటకు గండము గడచినదనుకొందురు. నేను విద్యార్థిగా నున్నపుడు మా ఉపాధ్యాయుల నొకరిని ఈ రెంటికిని భేదమేమని అడిగితిని. "భేదమే యున్నయెడల ఇన్నేండ్లలో ఒక్కమారైనను పరీక్షలో అడిగియుండరా?" అని వారు నన్ను కూర్చుండబెట్టిరి.

ఆ ప్రశ్నను పరీక్షలో అడుగనే అడిగిరని నాకు చాల కాలమునకు గాని తెలియలేదు. అడిగినది 1950వ సంవత్సరమున. అడిగిన చోటు ఢిల్లీలోని సుప్రీంకోర్టు. జవాబు చెప్పవలసినవారు ఆరుగురు న్యాయమూర్తులు. ఆ జవాబును బట్టి చెఱలో నుండుటయో, ఇల్లు చేరుటయో తేలవలసినవాడు ఒక మనుష్యుడు. ఆ కథ చెప్పుటకే ఈ వ్యాసమునకు పూనుకొంటిని. కాని యీ రెండు మాటలును ఆ కోర్టు గదికి చేరుటకు ముందు చాల దూరము నడిచి వచ్చినవి. ఆ నడకను కొంత చెప్పక తీరదు.

ఇంగ్లీషున ఒకే యర్థమునకు రెండేసి మాటలుండుటకు ముఖ్యకారణము 1066వ సంవత్సరపు దండయాత్ర. ఆ యేట నార్మండీ ప్రభువైన విలియము ఇంగ్లండును జయించెను. రాజును, దొరలును, న్యాయాధికారులును ఫ్రెంచి మాటలాడిరి. పొలము దున్నువారును, పశువులను కాచువారును తమ పాత భాషనే మాటలాడుకొనిరి. ఫ్రీడమ్ ఆ పాత భాషలోని మాట. లిబర్టీ లాటినునుండి ఫ్రెంచి మీదుగా పదునాలుగవ శతాబ్దమున వచ్చి చేరిన మాట. ఫ్రెంచివారికి లిబర్తే ఒక్కటే కలదు. జర్మనులకు ఫ్రైహైట్ ఒక్కటే కలదు. ఇంగ్లీషువారికి ఓడిపోయినందుకు ఫలముగా రెండును దక్కినవి. మనకిది వింత గాదు. ఇల్లు మన సొంత మాట, గృహము సంస్కృతమునుండి తెచ్చుకొన్న మాట. అర్థ మొక్కటే. అయినను గృహప్రవేశమునకు బంధువులను పిలుతుము గాని ఇల్లుప్రవేశమునకు పిలువము. ఇల్లు కాలినదని గోలపెట్టుదుము గాని గృహము కాలినదని గోలపెట్టము. ఏది ఎక్కడ వాడవలెనో ఎవరును నేర్పనక్కఱలేదు. ఎందుకట్లని అడిగినచో మాత్రము జవాబు తోచదు. ఇంగ్లీషువానికి లిబర్టీ ఫ్రీడములతోగల సంబంధ మిట్టిదే.

పుట్టుకను విచారించినచో ఈ రెండు మాటలును దాయాదులవలె కనబడును. ఫ్రీ యను మాటకును మన ప్రియ శబ్దమునకును మూలమొక్కటే యని భాషాశాస్త్రజ్ఞులు నిర్ణయించియున్నారు. స్నేహితుని జెప్పు ఫ్రెండ్ అను మాటయు ఆ కుదురులోనిదే. ఇంటిలో పుట్టి ఇంటివారికి ప్రియులైనవారు ఫ్రీ. కొని తెచ్చినవారును, యుద్ధమున పట్టి తెచ్చినవారును ఆ లెక్కలోనికి రారు. ఇక లాటినులో లిబర్ అనగా బానిస కానివాడు. దాని బహువచనమైన లిబేరీకి ఇంటిబిడ్డలని అర్థము. ఆ మాటకు మూలము పెరుగుట యనునర్థముగల ధాతువనియు, ప్రరోహము, ఆరోహణము మొదలగు మాటలలోని మన రుహ ధాతువు దానికి చుట్టమనియు పండితులు చెప్పుదురు. కాబట్టి రెండును ఒకే విధమైన గడపలో పుట్టినవి. రెంటికిని ఎదుట నిలిచినవాడు బానిస. నేడు మన సంతలో ఫ్రీ యన్నచో ఊరక వచ్చునదని అర్థమైనది గాని, దాని తొలి యర్థమున అది అన్నిటికంటె వెలగలది.

పుట్టుకలో ఇంత పొత్తున్నను వాడుకలో ఎడబాటు కలిగినది. ఆకలినుండి, భయమునుండి విముక్తిని చెప్పవలసి వచ్చినపుడు ఇంగ్లీషువాడు ఫ్రీడమ్ అనును. ఆ చోట లిబర్టీ పెట్టినచో వాక్యము కుంటును. పై యధికారి యనుమతి లేదని చెప్పవలసినపుడు, ఆ సంగతి చెప్పుటకు నాకు లిబర్టీ లేదనును. ఓడ రేవు చేరినపుడు నావికులకు కొన్ని గంటలు ఊరిలో తిరిగి రమ్మని ఇచ్చు సెలవునకు లిబర్టీ యని పేరు. గంట కొట్టగానే తిరిగి ఓడ యెక్కవలెను. హద్దు మీరి చనువు చేసికొనువానిని లిబర్టీలు తీసికొనుచున్నాడని తప్పుపట్టుదురు. మన యిండ్లలోను "వానికి మాయింట స్వాతంత్ర్య మెక్కువ" యనిన మాట మెప్పుగా నుండవచ్చును, దెప్పుగా నుండవచ్చును. ఈ వాడుకలన్నిటి వెనుక ఒక యజమాని నీడ కనబడుచున్నది. లిబర్టీ యన్నపుడు ఇంత మేర నీదని గీత గీసిన చేయి యొకటి యున్నట్లు తోచును. ఫ్రీడమ్ అన్నపుడు ఆ చేయి తోపదు. మనుష్యుని స్థితి మాత్రమే తోచును. ఇది వ్యాకరణ నియమము గాదు, వాడుక మిగిల్చిన చాయ. హాబ్స్ పండితుడు 1651లో ప్రకటించిన తన లెవయతన్ గ్రంథమున రెంటిని ఒకటిగానే నిర్వచించెను. ఐసయ్యా బెర్లిన్ 1958లో ఆక్స్‌ఫర్డున చేసిన ప్రసిద్ధోపన్యాసమునను ఒకదానికి బదులొకటి వాడెదనని చెప్పియే వాడెను. వారు తెలియక యట్లు చేయలేదు. అయినను చాయలు తుడిచివేసినంతమాత్రమున పోవు.

ఆ చేయి యెవరిదో చరిత్రలో స్పష్టముగా చూడవచ్చును. 1215వ సంవత్సరము జూను నెలలో ఇంగ్లండు రాజైన జాన్ రన్నీమీడు పచ్చికబయలున బారనుల ఒత్తిడికి లొంగి ముద్రవేయించిన మాగ్నకార్టాలో లిబర్టీ యనుటకు బదులుగా లిబర్టీలని బహువచనమున్నది. ఈ క్రింద వ్రాయబడిన లిబర్టీలన్నిటిని రాజ్యమందలి స్వతంత్రజనులకు ప్రసాదించితిమని రాజు పలుకును. లండను పట్టణమునకు దాని లిబర్టీలు, మతపీఠమునకు దాని లిబర్టీలు. ఇవి ఇనాముల వంటివి. లెక్కపెట్టదగినవి, ఇచ్చినవాడు వెనుకకు తీసికొనదగినవి. న్యాయవిచారణ లేక ఏ స్వతంత్రుని పట్టి బంధింపరాదను ముప్పదితొమ్మిదవ ప్రకరణము నేటికిని జగత్ప్రసిద్ధము. కాని స్వతంత్రుడనగా ఎవడు? ఆ నాటి రైతులలో ఎక్కువమంది భూమితో కట్టుబడి దొర సేవ చేయు విలెనులు. వారు ఆ మాటలో చేరరు. పత్రము పుట్టిన రెండుమూడు నెలలకే పోపు దానిని కొట్టివేసెను. తరువాతి రాజుల కాలమున మఱల మఱల ప్రకటింపవలసి వచ్చెను.

నేలమీది కొన్ని భాగములకు సైతము లిబర్టీ యని పేరుండెడిది. జిల్లా యధికారి చేయి సాగక, ఒక పీఠాధిపతి గాని దొర గాని సొంతముగా ఏలుకొను పేట యది. లండనుకు థేమ్సునదికి ఆవలి యొడ్డున సదర్కు ప్రాంతమున వించెస్టరు బిషప్పు ఏలుబడిలో క్లింక్ లిబర్టీ యను పేట యుండెను. పట్టణపు పెద్దలు తమ హద్దులలో సహింపని నాటకశాలలు అక్కడ వెలసినవి. 1587లో కట్టిన రోజ్ నాటకశాల ఆ పేటలోనిదే. అక్కడనే బిషప్పుగారి చెఱసాల యొకటి యుండెను. అది ఎంత పేరుమోసినదనగా క్లింకన్నచో నేటికిని ఇంగ్లీషువారి వాడుకభాషలో చెఱసాల యనియే అర్థము. లిబర్టీ యను పేరుగల పేటలో చెఱసాల యుండుట వారికి విరుద్ధముగా తోపలేదు. లిబర్టీ యనగా బిషప్పుగారి లిబర్టీ. ఆయన లిబర్టీలో ఇతరులను బంధించు హక్కును ఒక భాగము.

ఈ చిత్రము అట్లాంటికు సముద్రము దాటి అమెరికా చేరినది. 1776లో ఆ దేశపు వలసలు ఇంగ్లండునుండి విడిపోవుచు వెలువరించిన ప్రకటనలో ప్రాణము, లిబర్టీ, సుఖాన్వేషణము అనునవి మనుష్యుల సహజ హక్కులుగా చెప్పబడినవి. ఆ ప్రకటన వ్రాసిన జెఫర్‌సను బానిసల యజమాని. బానిసలను తోలువారి నోటనే లిబర్టీ కేక అన్నిటికంటె బిగ్గరగా వినబడుట యేమని అంతకు ముందటేడే నిఘంటుకర్తయగు శామ్యూల్ జాన్సను ఎత్తిపొడిచియుండెను. 1791లో చేర్చిన రాజ్యాంగ సవరణలలో మొదటిది వాక్కునకు ఫ్రీడమ్ అనును; అయిదవది ప్రాణము, లిబర్టీ, ఆస్తి అను మూటిని న్యాయవిధానము లేక హరింపరాదనును. లిబర్టీ ప్రక్కన ఆస్తి కూర్చున్నది చూడుడు. 1857లో డ్రెడ్ స్కాట్ అను బానిస తాను విముక్తుడనని తేల్చుమని సుప్రీంకోర్టుకు పోగా, అతడు ఆస్తి గనుక యజమానినుండి తీసివేయుట ఆ యయిదవ సవరణకు విరుద్ధమని ప్రధాన న్యాయమూర్తి టేనీ తీర్పుచెప్పెను. లిబర్టీని కాపాడవలసిన వాక్యమే ఒక మనుష్యుని కట్టివేయు త్రాడైనది.

బానిసలకు కావలసినది ఫ్రీడమ్. బానిసత్వమునుండి పారిపోయి మహావక్తయైన ఫ్రెడరిక్ డగ్లసు 1855లో ప్రకటించిన రెండవ ఆత్మకథ పేరులో ఆ మాటయే యున్నది. 1865లో విముక్తుల సహాయమునకు ఏర్పడిన ప్రభుత్వ శాఖకు ఫ్రీడ్‌మెన్ శాఖ యని పేరు. నూరేండ్ల తరువాత 1961లో దక్షిణ రాష్ట్రములలో వర్ణభేదమును ధిక్కరించి బస్సులెక్కినవారిని ఫ్రీడమ్ రైడర్లనిరి. ఇంతవరకు చదివినవారు, లిబర్టీ దొరల మాట, ఫ్రీడమ్ దాసుల మాట యని తేల్చివేయుదురేమో. చరిత్ర అంత సులువుగా గీతకు ఒదుగదు. ఫిలడెల్ఫియాలోని ప్రసిద్ధమైన గంటకు లిబర్టీ గంట యని 1830ల దశకమున పేరు వ్యాపింపజేసినవారు బానిసత్వమును నిర్మూలింపబూనిన సంస్కర్తలే. వారే 1840లో పెట్టిన రాజకీయ పక్షమునకు లిబర్టీ పక్షమని పేరు. తమను అణచినవారి మాటను వారి చేతిలోనుండి లాగికొనుటయు ఒక పోరాటమే.

ఈ చిక్కును లింకను చెప్పినంత తేటగా ఎవరును చెప్పలేదు. 1864 ఏప్రిలు 18వ తేదీన బాల్టిమోరు పట్టణమున మాటలాడుచు ఆయన లిబర్టీ యను మాటకు మంచి నిర్వచనము ఇంతవరకు దొరకలేదనెను. అందఱును లిబర్టీ కావలెననుచున్నారు. కొందఱి భావమున అది ఎవని కష్టఫలము వాడు అనుభవించుట, కొందఱి భావమున ఇతరుల కష్టఫలమును తమ యిష్టము వచ్చినట్లు వాడుకొనుట. దీనికాయన ఒక గొఱ్ఱె కథ చెప్పెను. గొఱ్ఱెకంఠము పట్టిన తోడేలును కాపరి తరిమివేయును. గొఱ్ఱె కాపరిని విమోచకుడని కొనియాడును. తోడేలు అతనిని లిబర్టీని చెఱచినవాడని తిట్టును. ఆ గొఱ్ఱె నల్లనిదైనచో తిట్టు మఱింత హెచ్చునని కూడ ఆయన చేర్చెను. ఆ సంవత్సరము ముగియకముందే ఆ సభ జరిగిన మేరీలాండు రాష్ట్రమున బానిసత్వము రద్దయ్యెను.

తోడేలు మాత్రము తన లిబర్టీని మఱువలేదు. న్యూయార్కు రాష్ట్రమువారు రొట్టెలు కాల్చు కూలీలచేత రోజునకు 10 గంటలకు, వారమునకు 60 గంటలకు మించి పనిచేయింపరాదని శాసింపగా, 1905లో లాక్‌నర్ అను యజమాని వ్యాజ్యమున అమెరికా సుప్రీంకోర్టు ఆ శాసనమును కొట్టివేసెను. కారణము: ఇష్టమైనన్ని గంటలకు ఒప్పందము చేసికొను లిబర్టీకి అది భంగకరమట! కొలిమి ముందు మాడువానికి ఎన్ని గంటలైన మాడుటకు లిబర్టీ కలదన్నమాట. 1934లో రూజ్‌వెల్టు సంస్కరణలను ఎదిరించుటకు కోటీశ్వరులు పెట్టిన సంఘము పేరు అమెరికా లిబర్టీ లీగు. 1941 జనవరిలో ఆ రూజ్‌వెల్టే మానవకోటికి నాలుగు ఫ్రీడములు కావలెనని ప్రకటించినపుడు ఆ మాటను ఏమఱుపాటున ఎన్నుకొనలేదని నా నమ్మకము. వాక్కు, ఆరాధన, లేమినుండి విముక్తి, భయమునుండి విముక్తి: ఈ నాలుగింటిలో చివరి రెంటికి లిబర్టీ యను మాట అతుకనే యతుకదు. ఆ యేటనే రూజ్‌వెల్టు, చర్చిలులు కలిసి అట్లాంటికు ప్రకటన చేసిరి. అది ముఖ్యముగా నాజీలు ఆక్రమించిన ఐరోపా దేశముల నుద్దేశించినదనియు, ఇండియాకు వేఱు దారి యున్నదనియు చర్చిలు సెప్టెంబరు నెలలో పార్లమెంటున విడమరచి చెప్పెను. రెండేండ్లకు వంగదేశమున కరవు వచ్చి లక్షలకొలది జనము చచ్చిరి. లేమినుండి విముక్తి అక్కడికి చేరలేదు.

మన జాతీయోద్యమము ఇంగ్లీషున మాటలాడినపుడు ఎక్కువగా ఫ్రీడమునే పట్టుకొన్నది. 1930 జనవరి 26వ తేదీన దేశమంతట చదివిన స్వరాజ్య ప్రతిజ్ఞలో జాతికి జన్మహక్కుగా చెప్పినది ఫ్రీడమ్. చెఱకు పోయివచ్చినవారిని ఫ్రీడమ్ ఫైటర్లంటిమి గాని లిబర్టీ ఫైటర్లనలేదు. ఇంగ్లీషు దొరల లిబర్టీలు వారికుండనే యున్నవి. మనము కోరినది వారి పట్టికలో ఇంకొక వరుస గాదు.

రాజ్యాంగము వ్రాయబూనినపుడు రెండు మాటలును లోనికి వచ్చినవి. 1947లో సలహాసంఘము తయారుచేసిన పాఠమున, డ్యూ ప్రాసెస్ ఆఫ్ లా, అనగా తగిన న్యాయవిధానము లేక ఎవరి ప్రాణమును గాని లిబర్టీని గాని హరింపరాదని యుండెను. ఇది అమెరికావారి వాక్యమే. ఆ యేడు చివర రాజ్యాంగ సలహాదారుడైన బెనెగళ్ నరసింగరావు అమెరికాకు పోయి అక్కడి న్యాయమూర్తి ఫ్రాంక్‌ఫర్టరును కలిసికొనెను. తగిన విధానమన్నచో ఏది తగినదో న్యాయమూర్తులే తేల్చుదురు, ప్రజాప్రతినిధులు చేసిన సంస్కరణములను వారు కొట్టివేయవచ్చునని ఫ్రాంక్‌ఫర్టరు హెచ్చరించెను. రొట్టెల కొలిమి కథ మఱపునకు రాలేదు. ఇక్కడ మన పెద్దలను నిందించుటకు ముందు వారి భయమును అర్థము చేసికొనవలెను. జమీందారీలను రద్దుచేయవలసిన దినములవి. లిబర్టీ పేరు చెప్పి జమీందారులు కోర్టులకెక్కరని ఎవరు పూచీ? నెల్లూరు జిల్లాలో పుట్టి మదరాసున మహాన్యాయవాదిగా వెలసిన అల్లాడి కృష్ణస్వామయ్యరు ముసాయిదా సంఘమున సభ్యులు. న్యాయమూర్తుల సొంత యభిప్రాయములకు సాంఘిక శాసనములను బలిచేయరాదను పక్షమున వారు నిలిచిరి. తగిన న్యాయవిధానమను మాట పోయి, 1946 నాటి జపాను రాజ్యాంగమునుండి తెచ్చిన "చట్టముచే ఏర్పడిన విధానము" అను మాట వచ్చెను.

దానితోపాటు ఇంకొక చిన్న మార్పు జరిగినది. లిబర్టీకి ముందు పర్సనల్, అనగా వ్యక్తిగతమైన యను విశేషణము చేర్చిరి. ఎందుకు? లిబర్టీ యని ఊరక విడిచినచో దాని యర్థము మిక్కిలి విరివిగా తీసికొని, వేఱొక ప్రకరణమున చెప్పియున్న ఫ్రీడములను గూడ అందులో చేర్చుదురేమోయని ముసాయిదా సంఘము తన పాఠమున కారణము వ్రాసెను. ఆ విధముగా వాక్కు, సభ, సంచారము మొదలగు ఫ్రీడములు 19వ అధికరణమున పౌరుల హక్కులైనవి. ప్రాణమును వ్యక్తిగతమైన లిబర్టీయు 21వ అధికరణమున మనుష్యమాత్రుల హక్కులైనవి. రెంటి నడుమ ఒక విశేషణముతో గోడ లేచినది. చిత్రమేమనగా 19 మొదలు 22 వఱకుగల అధికరణముల కన్నిటికిని పైన అచ్చువేసిన శీర్షిక ఒక్కటే: రైట్ టు ఫ్రీడమ్. గోడకు ఇరువైపుల నున్న గదులకు ఒకే కప్పు.

రాజ్యాంగము అమలులోనికి వచ్చి నెల తిరిగినంతలో, 1950 ఫిబ్రవరిలో, పార్లమెంటు నివారక నిర్బంధ చట్టమును చేసెను. నేరము చేసినవానిని గాక, చేయునేమోయని తలచినవానిని విచారణ లేక పట్టి యుంచు చట్టమిది. తెలంగాణమున సాయుధ పోరాటము సాగుచున్న దినములు. కమ్యూనిస్టులను దేశమంతట పట్టుచుండిరి. మలబారునకు చెందిన కమ్యూనిస్టు నాయకుడు ఎ. కె. గోపాలన్ 1947 డిసెంబరునుండియే మదరాసు రాష్ట్రమున చెఱలో నుండెను. ఇతర చట్టముల క్రింద పెట్టిన శిక్షలు కొట్టివేయబడినను విడుదల కాలేదు. మార్చి 1వ తేదీన క్రొత్త చట్టము క్రింద మఱియొక యుత్తరువు చేతికిచ్చిరి. ఆయన సుప్రీంకోర్టునకు మొఱపెట్టుకొనెను. న్యాయవాది ఎం. కె. నంబియార్ వాదము స్థూలముగా నిట్టిది: చెఱలో పెట్టినచో మనుష్యుని లిబర్టీ పోవును, దానితో దేశమున సంచరించు ఫ్రీడమును పోవును. ఫ్రీడమును హరించు చట్టము సమంజసముగా నుండవలెనని 19వ అధికరణము చెప్పుచున్నది గనుక ఈ చట్టము సమంజసమా కాదా చూడుడు.

మే 19వ తేదీన తీర్పు వచ్చినది. లిబర్టీ వేఱు, ఫ్రీడమ్ వేఱు, ఏ యధికరణమున కదియే వేఱు యని న్యాయమూర్తులలో అధికసంఖ్యాకులు తేల్చిరి. 19వ అధికరణపు ఫ్రీడములు విడిగా తిరుగువానికే గాని చట్టముచే బంధింపబడినవానికి లేవనిరి. బంధించిన చట్టము మంచిదా యని అడుగుటకు 19వ అధికరణము కావలెను. ఆ యధికరణము కావలెనన్నచో బయట నుండవలెను! నిర్బంధ కారణములను కోర్టుకు చెప్పరాదను పదునాలుగవ సెక్షను మాత్రము కొట్టివేసిరి. ఫజల్ అలీ ఒక్కడు ఈ గోడను ఒప్పుకొనలేదు. ఈ హక్కులు ఒకదానిమీద నొకటి పరచుకొనియే యుండునని ఆయన వేఱుగా వ్రాసెను. గోపాలన్ చెఱసాలలోనే యుండెను.

ఆ గోడ మీద తరువాత పడిన గట్టి దెబ్బ ఒక తెలుగువాని చేతిది. ఉత్తరప్రదేశమున ఖరక్‌సింగను నతనిని 1941లో ఒక దోపిడి కేసులో పట్టి, సాక్ష్యము లేక విడిచిపెట్టిరి. విడిచిరన్న మాటయే గాని పోలీసులు వానిపేర చిట్టా తెరచి నిఘా పెట్టిరి. రాత్రివేళ కానిస్టేబులును, చౌకీదారును వచ్చి తలుపు తట్టి, కేక వేసి, నిద్ర లేపి, ఉన్నాడో లేడో చూచి పోయెడివారని అతని ఫిర్యాదు. వాడు చెఱలో లేడు. ఎక్కడికి పోవలదని ఎవరును అనలేదు. వానికి పోయినదేమి? 1962 డిసెంబరు 18వ తేదీన ఆరుగురు న్యాయమూర్తులలో నలుగురు, రాత్రివేళ ఇల్లు చొచ్చుట మాత్రము తప్పనియు, కడమ నిఘా చెల్లుననియు చెప్పిరి. 19వ అధికరణపు ఫ్రీడములు పోగా మిగిలినదే 21వ అధికరణపు లిబర్టీ యని వారి లెక్క. రాజమహేంద్రవరమున పుట్టిన కోకా సుబ్బారావు, న్యాయమూర్తి షాతో కలిసి, ఈ లెక్కను కాదనెను. సంచార స్వాతంత్ర్యము వ్యక్తి స్వాతంత్ర్యములోని యొక లక్షణమే; ఒక హక్కును ఇంకొకదానినుండి కోసి తీయుట యెట్లు? చట్టము రెండధికరణములకును జవాబు చెప్పవలెననెను. అడుగడుగునకు పోలీసు కన్ను వెంటనుండగా నడచువాడు కాళ్లతో నడచినను స్వతంత్రుడై నడచుట లేదని ఆయన యభిప్రాయము. నిఘా నిబంధనము మొత్తము చెల్లదని ఆ యిద్దఱి తీర్పు. ఇద్దఱి తీర్పు గనుక అది పుస్తకమున నిలిచినది, ఊరిలో అమలు కాలేదు.

1970లో బ్యాంకుల జాతీయీకరణపు తీర్పులో గోపాలన్ కేసు పునాది కదలినది. 1975లో అత్యవసర పరిస్థితి వచ్చినది. ఏ అధికరణముల క్రిందనైతే కోర్టుకు పోవలెనో వానిని మూసివేసిరి. చెఱలోనివాడు తన నిర్బంధము అక్రమమనియైనను కోర్టున అడుగరాదని 1976 ఏప్రిలు 28వ తేదీన అయిదుగురిలో నలుగురు న్యాయమూర్తులు తీర్పుచెప్పిరి. హెచ్. ఆర్. ఖన్నా ఒక్కడు కాదనెను. ఉద్యోగము చాలించుకొని విశ్రాంతిలో నున్న సుబ్బారావు ఎనిమిది దినముల తరువాత, మే 6వ తేదీన కాలధర్మము నొందెను.

మేనకాగాంధీ ప్రయాణపత్రమును 1977లో ప్రభుత్వము కారణము చెప్పక తీసికొనగా ఆమె సుప్రీంకోర్టునకు పోయెను. 1978 జనవరి 25వ తేదీన ఏడుగురు న్యాయమూర్తుల పీఠము, లిబర్టీకి ఫ్రీడములకు నడుమ గోడ లేదనియు, మనుష్యుని కట్టు చట్టము న్యాయముగను, సమంజసముగను ఉండవలెననియు తేల్చెను. 1948లో ముసాయిదా సంఘము తీసివేసిన అర్థము ముప్పది యేండ్లకు వెనుక వాకిట లోనికి వచ్చినది. సుబ్బారావు అల్పసంఖ్యాక తీర్పే సరియైనదని 2017 ఆగస్టు 24వ తేదీన తొమ్మిదిమంది న్యాయమూర్తులు ఏకగ్రీవముగా ఒప్పుకొనిరి.

రాజ్యాంగ పీఠికలో ఇంగ్లీషు పాఠము ఆలోచనకు, భావప్రకటనకు, విశ్వాసమునకు లిబర్టీ యనినది. 19వ అధికరణము ఆ భావప్రకటనకే ఫ్రీడమ్ అనినది. తెలుగు పాఠ్యపుస్తకములలో రెండు చోట్లను స్వాతంత్ర్యమనియే చదువుకొనుచున్నాము. దానిని భాషా దారిద్ర్యమని కొందఱనగా వింటిని. న్యాయమూర్తులు ఇరువదియెనిమిదేండ్లు తిరిగి చేరిన చోటికి మన బడిపిల్లలు మొదటి దినముననే చేరుచుండగా దానిని దారిద్ర్యమనుటకు నాకు నోరాడదు. అట్లని కలముపట్టినవాడు చాయను విడువనక్కఱలేదు. రాజు ప్రసాదించిన లిబర్టీలకు హక్కుభుక్తములనియో, మినహాయింపులనియో వ్రాయవచ్చును. నావికుల లిబర్టీకి సెలవని వ్రాసిన చాలును. ఆకలినుండి ఫ్రీడమునకు విముక్తి కలదు. లింకను తోడేలు నోటి లిబర్టీకి మాత్రము నేనింకను మాట వెదకుచున్నాను.

గోపాలన్ 1952లో లోకసభకు ఎన్నికై, చిరకాలము ప్రతిపక్షమున కూర్చుండి, 1977 మార్చి 22వ తేదీన మరణించెను. ఆయన అడిగిన ప్రశ్నకు ఆయన కోరిన జవాబు వచ్చినది ఆ తరువాత పదినెలలకు.